జెండా ఊపేదాకా

కొత్త అంబులెన్సు షామియానా కింద పెండ్లికొడుకులా నిలబడి ఉంది. ముందటి అద్దానికి బంతిపూల దండలు, బానెట్ మీద పసుపు కుంకుమలు, నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు. నిన్ననే యాదగిరిగుట్ట దాకా పోయి పూజ చేయించుకొని వచ్చిన బండి అది. ఎదురుగా అడ్డంగా ఎర్ర రిబ్బను కట్టారు. బెంజమిన్ నిచ్చెన ఎక్కి ఫ్లెక్సీ కొసను గుంజకు బిగిస్తున్నాడు.

ఫ్లెక్సీ మీద మల్లిక నవ్వుతూ ఉంది. ఒళ్లో పసిబిడ్డ. కింద 'తల్లీబిడ్డా క్షేమం, ఇంటిదాకా మా బాధ్యత' అన్న అక్షరాలు. ఆ ఫొటో తీసింది బెంజమినే. ఆ మాటలు రాసిందీ అతనే. మక్తల్‌లోని ఈ ప్రైవేటు ఆసుపత్రికి అతను పీఆర్వో.

"సారూ, జర కిందికి దిగున్రి."

మల్లిక తల్లి గోపమ్మ రెండు చేతులతో నిచ్చెన పట్టుకొని నిలబడింది. నెత్తి మీద కొంగు జారిపోయినా ఆమె సవరించుకోలేదు. తన నెత్తి మీదే అంత పెద్దగా నవ్వుతున్న కూతురి బొమ్మను కూడా చూడలేదు.

"నా బిడ్డ తీరు మంచిగ లేదు సారు. పొట్ట కుండ లెక్క ఉబ్బింది. పిలిస్తే ఊఁ అంటాంది గని కండ్లు తెరుస్తలేదు. నర్సమ్మనడిగితే పెద్ద డాక్టరు ఫంక్షన్ పనిల ఉన్నడంటది. మీరు చెప్తే ఇంటడు. రాండ్రి సారు."

బెంజమిన్ చేతిలోని తాడు జారింది. ఫ్లెక్సీ ఒక పక్కకు వాలిపోయింది.

మల్లికకు ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆ తరువాత ఆమె బాగానే లేచి తిరిగింది, రాగిజావ తాగింది, పక్క మంచాల వాళ్లతో నవ్వుతూ మాట్లాడింది. ఆ నవ్వు చూసే బెంజమిన్ ఫోన్ తీసి వీడియో పట్టాడు. 'మంచిగ చూసిన్రు, నేను మంచిగున్న, నా బిడ్డ మంచిగుంది' అని ఆమె చెప్పింది. కొత్త అంబులెన్సు తొలి ప్రయాణం మల్లికను, బిడ్డను ఊరికి చేర్చడంతో మొదలుపెడదామన్నది కూడా అతని ఆలోచనే. నిన్ననే ఇంటికి పోవలసిన మనిషిని, "ఒక్కరోజు ఆగున్రమ్మా, కొత్త బండిల దర్జాగ పోదురు" అని ఆపాడు. నిన్న సాయంత్రం ఆమె "చలి పెడుతాంది సార్" అంటే ఫ్యాను తగ్గించమని నర్సుకు చెప్పి, ఫ్లెక్సీ తెచ్చుకోవడానికి వెళ్లిపోయాడు.

ఊళ్లో మల్లిక భర్త బుచ్చయ్య గడపకు మామిడాకులు కట్టి, డప్పులోళ్లను పిలిచి, బండి కోసం ఎదురుచూస్తున్నాడు. అట్లా చేయమని చెప్పిందీ బెంజమినే.

వార్డులో డ్యూటీ డాక్టరు కరుణ మల్లిక మంచం పక్కన వంగి ఉంది. చదువు పూర్తయి ఎంతో కాలం కాలేదు, ఇదే ఆమెకు మొదటి ఉద్యోగం. బెంజమిన్‌ను చూడగానే ఆమె చూపు మంచానికి కట్టిన సంచి మీదికి పోయింది. అది ఖాళీగా ఉంది.

"రాత్రి నుంచి యూరిన్ లేదు సార్. ఇన్‌ఫెక్షన్ రక్తంల కలిసింది. బీపీ పడిపోతున్నది. ఇది మనతోని కాదు. పాలమూరు పెద్ద దవాఖానకు పోవాలె, ఇప్పుడే పోవాలె. ఆక్సిజన్ లేకుండ కారుల పంపితే దేవరకద్ర కూడ దాటదు."

"పెద్దసారుకు చెప్పిన్రా?"

"రెండుసార్లు చెప్పిన. ఫంక్షన్ అయినంక చూద్దామన్నడు."

పాత అంబులెన్సును కొత్తదానికి మార్పిడిగా ఇచ్చేశారు. 108కి ఫోన్ చేస్తే, ఆ బండి అప్పుడే ఒక యాక్సిడెంట్ కేసును ఎక్కించుకొని రాయచూరు రోడ్డు మీద ఉందన్నారు. ఆక్సిజన్ ఉన్న బండి ఊరు మొత్తంలో ఒక్కటే ఉంది. అది బయట పూలదండలు వేసుకొని నిమ్మకాయల వెనక నిలబడి ఉంది.

బెంజమిన్ పరుగున పెద్ద డాక్టరు గదిలోకి పోయాడు. ఆసుపత్రి యజమాని డాక్టర్ కృష్ణకాంత్ అద్దం ముందు నిలబడి కొత్త చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"సార్, మల్లిక..."

"కరుణ చెప్పింది. గిప్పుడు కాదు బెంజమిన్."

"బండి ఇక్కడే ఉంది గద సార్. పాలమూరు పోయి వస్తది. ఫంక్షన్ మధ్యాహ్నం పెట్టుకుందం."

కృష్ణకాంత్ వెనక్కి తిరిగాడు. కోపం లేదు ఆ ముఖంలో. ఓపికగా ఉంది. అదే బెంజమిన్‌ను ఎక్కువ భయపెట్టింది.

"తొలి బోణీయే సావు కేసు అయితే రేపు ఆ బండి ఎవడెక్కుతడు? జెండా ఊపేదాక అది గేటు దాటొద్దు, వాచ్‌మన్‌కు గూడ చెప్పిన. ఫ్లెక్సీ మీద నవ్వే పిల్ల స్ట్రెచర్ మీద పోతే పేపరోళ్లు ఊకుంటరా? నువ్వు పీఆర్వోవు, గిది నీకు నేను చెప్పాల్నా?"

"మనిషి పోతది సార్."

"అపశకునం మాటలు మాట్లాడకు. గ్లూకోజు ఎక్కుతాంది, మందు పడుతాంది. చైర్మన్ గాలయ్యసాబ్ వచ్చి జెండా ఊపి పోనీ, నేనే దగ్గరుండి పంపిస్త. మల్లిక జాగల ఆ పక్క మంచం మనీషను కూసోపెట్టు. ఆమెకు గూడ బిడ్డ ఉంది గద."

"ఫ్లెక్సీ మీద మల్లిక ఉంది సార్."

"దూరంకెళ్లి చూస్తె బాలింతలందరు ఒక్కతీరే ఉంటరు. పో, మైకు చూసుకో."

బెంజమిన్ బయటికి వచ్చి వరండాలో గోడకు ఆనుకున్నాడు. లోపల మల్లిక మూలుగు వినబడడం లేదు. ఇంతకుముందు వినబడింది.

ఒకప్పుడు అతను పాలమూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో జర్నలిజం చెప్పేవాడు. అందులో ప్రజాసంబంధాల పాఠమంటే అతనికి ఇష్టం. ఆ వృత్తి ఎట్లా పుట్టి పెరిగిందో కథలా చెప్పేవాడు. అమెరికాలో సర్కసు కంపెనీలు గుడారం వేయకముందే ఊళ్లో దిగి, లేని వింతలను ఉన్నాయని పేపర్లకెక్కించే మనుషులతో మొదలుపెట్టేవాడు. అది మన వృత్తి సిగ్గుపడవలసిన చిన్నతనం అనేవాడు. తరువాత ఒక రైలు కంపెనీ, ప్రమాదం జరిగితే దాచిపెట్టకుండా విలేకరులను తానే వెంటబెట్టుకొని అక్కడికి తీసుకుపోయింది. 'అగో, అక్కడ దీనికి మీసాలొచ్చినయ్' అంటే పిల్లలు నవ్వేవాళ్లు. ఆపైన యుద్ధాలు, ప్రభుత్వాలు, మన దేశంలో రైల్వేలు, ఉక్కు కర్మాగారాలు, సమాచార శాఖలు. చెప్పడం మాత్రమే కాదు, ఎదుటివాడు ఏమంటున్నాడో వినడం కూడా ఈ పనిలో సగం అని చెప్పి పాఠం ముగించేవాడు.

తెలంగాణ వచ్చింది. జిల్లాలు చిన్నవయ్యాయి, పట్టణాలు పెద్దవయ్యాయి. ఆసుపత్రికొక పీఆర్వో, కాలేజీకొక పీఆర్వో, ప్లాట్ల వెంచరుకొక పీఆర్వో కావలసివచ్చారు. సరిగ్గా అప్పుడే చేరేవాళ్లు లేరని కాలేజీవాళ్లు అతని కోర్సును ఎత్తేశారు. పాఠం పోయి ఉద్యోగం మిగిలింది. బైకు మీద ఊరూరా తిరిగి ఆర్ఎంపీ డాక్టర్లకు నమస్తే పెట్టడం, పేషెంట్లను మా దగ్గరికే పంపండని అడగడం, ఇంటికి పోయేటప్పుడు వాళ్లతో మాట్లాడించి వీడియో తీయడం. వినడం అన్న సగం ఎక్కడ జారిపోయిందో అతనికే తెలియదు. నిన్న సాయంత్రం చలి పెడుతోందన్న మాటను విని కూడా వినలేదు.

మైకు సరిచేస్తున్న కుర్రాళ్లు 'హలో హలో' అంటున్నారు. బెంజమిన్ గోడను వదిలి వార్డులోకి నడిచాడు.

మనీష అప్పటికే తయారై కూర్చుంది. నర్సులు ఆమె తలలో పూలు పెట్టారు, భుజాల మీద కొత్త శాలువా కప్పారు.

"కరుణమ్మా, మనీష కాదు. మల్లికనే ఎక్కిద్దం. జెండా ఊపంగనే బండి పాలమూరు పోతది."

కరుణ ముఖం పాలిపోయింది. "పెద్దసార్ రెఫరల్ లెటర్ రాయలే సార్. నేను రాస్తే నా ఉద్యోగం పోతది."

పోదని బెంజమిన్ ఎట్లా చెప్తాడు? ఆమె మల్లిక చేతి నాడి మీద వేళ్లు పెట్టి కాసేపు అట్లాగే నిలబడింది. తరువాత జేబులోంచి పెన్ను తీసింది.

మనీష మంచం దిగి వచ్చింది. తన తలలోని మల్లెపూలు తీసి మల్లిక జడకు తురిమింది. శాలువా తీసి ఆమె మీద గదవ దాకా కప్పింది. "గిట్లుంటే ఎవరు గుర్తుపట్టరు సార్. అక్కను జల్ది తీస్కపోన్రి" అంది. ఎవరూ ఆమెను అడగలేదు. మూడేళ్ల కింద బెంజమిన్ భార్య స్నేహలత ఆసుపత్రిలో చనిపోయిన రోజున, ఎవరో ఆయమ్మ ఆమె చెప్పులను తుడిచి కవర్లో పెట్టి ఇచ్చింది. బెంజమిన్‌కు ఆ చేతులు గుర్తుకొచ్చాయి.

వెనక గుమ్మం గుండా మల్లికను బండిలోకి ఎక్కించారు. ఆక్సిజన్ పెట్టి తెర లాగారు. కరుణ మల్లిక తల దగ్గర, బిడ్డను ఎత్తుకొని గోపమ్మ పక్కన కూర్చున్నారు. డ్రైవర్ ఐలేశం స్టీరింగ్ ముందు కూర్చొని అద్దంలోంచి ఇదంతా చూశాడు.

"బెంజమిన్ సార్, నాకు తొలి కిరాయి బాలింత, డప్పులు, సన్మానం అని చెప్పిన్రు. గిదేంది?"

"గేటు దాటినంక పాలమూరు దిక్కు తిప్పాలె ఐలేశం."

"పెద్దసార్ నన్ను ఉరేస్తడు."

"నన్ను ఏసినంకనే నిన్ను ఏస్తడు."

"అయితే జర టైమ్ దొరుకుతది తియ్" అన్నాడు ఐలేశం. వెనక్కి తిరిగి మల్లికను చూశాడు. ఆ తరువాత అతను జోకులు వేయలేదు. తాళం చెవి తిప్పి సిద్ధంగా పెట్టుకున్నాడు.

కాని జెండా ఊపవలసిన మనిషి రాలేదు. మార్కెట్ కమిటీ చైర్మన్ గాలయ్య ఊరవతల ఒక పెండ్లిలో ఉన్నాడన్నారు. వస్తున్నాడన్నారు. బయల్దేరాడన్నారు. ఇంకా బయల్దేరలేదన్నారు. ఎండ ముదిరింది. రిబ్బను కోసే కత్తెర పెట్టిన పళ్లెంతో ఒక నర్సు నిలబడి నిలబడి పక్కనున్న కుర్చీలో కూలబడింది. బెంజమిన్ మైకులో ఏదో మాట్లాడుతున్నాడు, ఆసుపత్రి సేవల గురించి, గుట్ట నర్సన్న దయ గురించి. మధ్యలో బండి దగ్గరికి పోయి తెర సందులోంచి చూస్తున్నాడు. కరుణ తలెత్తి చూసి అడ్డంగా తల ఊపుతోంది. సంచి ఇంకా ఖాళీగానే ఉంది.

మూడోసారి తెర తీసినప్పుడు గోపమ్మ, "సారూ, ఎంతసేపు?" అని అడిగింది.

బెంజమిన్ షామియానా వెనక్కి పోయి గాలయ్య వెంట ఉండే మనిషికి ఫోన్ చేశాడు.

"అన్నా, పేపరోళ్లు, టీవోళ్లు కెమెరాలు సర్దుకుంటున్నరు. నారాయణపేటల ఇంకో ప్రోగ్రాం ఉందట. నేను ఆపుతున్న గని ఆగేటట్టు లేరు. సార్ లేకుంటనే ఫొటో దిగుతమని మా డాక్టర్ అంటుండు."

అందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు. విలేకరులు చెట్టు నీడలో కూర్చొని మిర్చీ బజ్జీలు తింటున్నారు. సిగ్గుపడవలసిన చిన్నతనమని తాను పాఠం చెప్పిన సర్కసు మనిషే ఇప్పుడు తన గొంతుతో మాట్లాడుతున్నాడు. బెంజమిన్‌కు సిగ్గు రాలేదు.

కాసేపటికే దుమ్ము లేపుకుంటూ గాలయ్య బండ్లు వచ్చాయి. శాలువాలు, దండలు, దీపం వెలిగించడం అయ్యాయి. కృష్ణకాంత్ జేబులోంచి కాగితాలు తీసి మైకు ముందుకు వస్తున్నాడు. ఆ కాగితాలను టైపు చేసింది బెంజమినే, అవి ఎంత పొడుగో అతనికి తెలుసు. అతను మైకు వదల్లేదు.

"పెద్దలందరికీ మనవి. బండిల బాలింత ఉంది, పసిగుడ్డు ఉంది, ఎండ బాగ ఉంది. ముందు జెండా ఊపుకుందం, ఉపన్యాసాలు నిమ్మళంగ ఇందం. గాలయ్యసాబ్‌ను బండి దగ్గరికి రావాల్సిందిగా కోరుతున్నం. అందరు గట్టిగ చప్పట్లు!"

జనం చప్పట్లు కొట్టారు. కృష్ణకాంత్ కాగితాలను మడిచి జేబులో పెట్టుకున్నాడు. గాలయ్య జెండా అందుకున్నాడు. ఇక ఊపడమే. ఇంతలో ఎవరో ఆయన చేతికి పండ్ల బుట్ట అందించారు.

"తల్లికి ఇచ్చినంక ఊపుదం. ఫొటో మంచిగొస్తది" అన్నాడు గాలయ్య. ఫొటోగ్రాఫర్లు వెనక తలుపు వైపు ఉరికారు. బెంజమిన్ అడ్డం పడేలోపే ఎవరో తలుపు తెరిచారు, తెర లాగారు.

గాలయ్య బుట్టతో వంగి, "అమ్మా, జర ఇటు సూడు, నవ్వు బిడ్డా" అన్నాడు. ఆయన చేయి అక్కడే ఆగిపోయింది.

మాస్కు కింద మల్లిక పెదవులు నీలంగా ఉన్నాయి. జడలో మల్లెపూలు మాత్రం తాజాగా ఉన్నాయి.

ఆయన భుజం పక్కకు కృష్ణకాంత్ వచ్చాడు. ముఖం మీద నవ్వు అట్లాగే ఉంది. "కొంచెం నీరసం సాబ్, ఏం లేదు" అన్నాడు.

"నీరసం కాదయ్యా" అంది గోపమ్మ. అరవలేదు. అరిచే ఓపిక లేదు ఆమెకు. "నా బిడ్డ పోతాంది. మీరు జెండా ఊపితే గాని పోనియ్యమంటున్నరు. ఊపయ్యా, నీ కాళ్లు మొక్కుత."

బెంజమిన్ గాలయ్య చెవి దగ్గరికి వంగాడు. "నిజమే సార్. పాలమూరు పోవాలె. మీరు ఊపితే పోతది."

గాలయ్య పండ్ల బుట్టను మెట్టు మీద పెట్టాడు. వెనక్కి తిరిగి ఫొటోగ్రాఫర్లతో, "ఏయ్, దూరం జరుగున్రి. ఆడిపిల్ల ఉంది లోపట" అన్నాడు. ఇందాక తన భుజాల మీద కప్పిన సన్మానపు శాలువాను తీసి, బయట పడి ఉన్న మల్లిక పాదాల మీద కప్పాడు. తనే తలుపు మూశాడు. అక్కడి నుంచే, వేదిక దాకా కూడా పోకుండా, జెండా ఊపాడు.

బెంజమిన్ ముందు సీట్లోకి దూకాడు. రిబ్బను కత్తిరించడం ఎవరికీ గుర్తు రాలేదు. ఐలేశం దాన్ని తెంపుకొనే పోయాడు. చక్రాల కింద నిమ్మకాయలు చితికాయి. గేటు దాటాక బండి ఊరి వైపు కాక పాలమూరు వైపు తిరిగింది. వెనక జనం ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

దారి పొడుగునా బెంజమిన్ వెనక్కి చూస్తూనే ఉన్నాడు. పత్తి చేలలో ఏరుతున్న ఆడవాళ్లు సైరన్‌కు తలలెత్తి చూశారు. మరికల్ దగ్గర ఒక ఎడ్లబండి మనిషి ఎడ్లను చేనులోకి దించి మరీ దారి ఇచ్చాడు. ఎవరి కోసం ఇస్తున్నాడో అతనికి తెలియదు. బెంజమిన్ అతనికి చేతులెత్తి మొక్కాడు. ఒకచోట కరుణ, "నాడి దొరుకుతలేదు" అంది. కాసేపటికి, "దొరికింది, దొరికింది" అంది. ఈ రెండు మాటల మధ్య ఐలేశం నోట్లోంచి ఏ దేవుడి పేరో వచ్చింది. బెంజమిన్ నోట్లోంచి యేసయ్యా అన్న పిలుపు వచ్చింది.

పాలమూరు దవాఖానలో స్ట్రెచర్ లోపలికి పోయింది, తలుపులు మూసుకున్నాయి. ఒక డాక్టరు బయటికి వచ్చి, "ఇంత లేటుగ తెచ్చిన్రేంది?" అని అడిగాడు. బెంజమిన్ చెప్పబోయాడు. ఆయన వినడానికి నిలబడలేదు, మళ్లీ లోపలికి పోయాడు.

బెంజమిన్ ఊరికి ఫోన్ చేసి బుచ్చయ్యను పాలమూరుకు రమ్మన్నాడు. అవతల వినబడుతున్న డప్పులు ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఆ వెంటనే కృష్ణకాంత్ ఫోన్ వచ్చింది. తిడతాడనుకున్నాడు. కృష్ణకాంత్ తిట్టలేదు.

"గాలయ్యసాబ్ మస్తు మెచ్చుకున్నడు. మంచిగనే చేసినవ్ తియ్. ప్రెస్‌నోట్ రాయి. విషమ స్థితిలో ఉన్న బాలింతను ఉచితంగా తరలించిన ఆసుపత్రి అని. మాస్కు పెట్టుకున్న ఫొటో ఒకటి తీసి పంపు. బతికితే ఇంకో వీడియో తీద్దం."

బెంజమిన్ ఫోన్ పెట్టేశాడు. మళ్లీ మోగింది. ఈసారి మక్తల్ విలేకరి.

"అన్నా, బండిల ఉన్నది సీరియస్ కేసంట గద. ఫ్లెక్సీ మీద క్షేమం అని ఉండె. ప్రెస్‌నోట్ పంపుతవా?"

"పంపను" అన్నాడు బెంజమిన్. "నువ్వే పాలమూరు రా. మల్లిక తల్లిని అడుగు, డాక్టరును అడుగు, నన్ను అడుగు. పొద్దున్నుంచి ఏమైందో నేనే చెప్త. నా పేరు పెట్టి రాసుకో."

"ఉద్యోగం పోతది అన్నా."

"ఎరుకే. నువ్వు రా."

సాయంత్రం ఎండ వరండా చివరికి జరిగింది. గోపమ్మ గోడవారగా కూర్చొని ఉంది. ఎవరో పక్క పేషెంటు తాలూకు ఆడమనిషి ఆమె ఒళ్లోని బిడ్డను తీసుకొని తన బిడ్డతో పాటు పాలు పట్టింది. గోపమ్మ చేతిలోని ఫోన్‌లోంచి మల్లిక గొంతు వస్తోంది. 'మంచిగ చూసిన్రు, నేను మంచిగున్న...'

బెంజమిన్ ఆమె పక్కన కూలబడ్డాడు. "అమ్మా, ఆ వీడియో తీసేస్త. ఎవరికీ కనపడకుండ చేస్త. నేను తియ్యకుండ ఉండాల్సింది."

గోపమ్మ ఫోన్‌ను ఒళ్లోకి లాక్కుంది.

"వద్దు సారు. ఉండనీయున్రి. దీంట్ల నా బిడ్డ నవ్వుతాంది."

ఆమె మళ్లీ మొదటి నుంచి పెట్టింది. మళ్లీ అదే నవ్వు. అదే గొంతు. లోపల ఏం జరుగుతోందో చెప్పేవాళ్లు లేరు. ప్రతి తలుపు చప్పుడుకూ ఇద్దరూ తలెత్తుతున్నారు.

చివరికి కరుణ బయటికి వచ్చింది. ఆమె పొద్దున్నుంచి ఏమీ తినలేదు, ముఖం పీక్కుపోయింది. ఆమె ఏం చెప్తుందోనని గోపమ్మ గోడ పట్టుకొని లేచింది.

"ఇంకా ఏం చెప్పలేం అంటున్నరు" అంది కరుణ. తరువాత రెండు వేళ్లు దగ్గరగా పెట్టి చూపించింది, ఇంత అన్నట్టు. "కాని సంచిల కొంచెం యూరిన్ వచ్చింది."

గోపమ్మకు అర్థం కాక బెంజమిన్ వైపు చూసింది.

"మంచిదే అమ్మా" అన్నాడు అతను. మళ్లీ చెప్పాడు. "మంచిదే."